నెల తిరక్కుండా పొంగే డ్రైనేజీ: ఆ ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో 200 గజాల స్థలంలో ఉన్న ఇల్లు చూశాం. 1994లో కట్టారట. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. ధర మాకు అందేలా ఉంది, పిల్లల స్కూలు కూడా దగ్గరే. టోకెన్ ఇచ్చాం గానీ అగ్రిమెంట్ ఇంకా రాసుకోలేదు. రెండోసారి చూడటానికి వెళ్తే వెనక బాత్రూమ్‌లో నహానీ (నేల మీది నీళ్లు పోయే జాలీ) దగ్గర నీళ్లు నిలిచి ఉన్నాయి. ఓనరు గారిని అడిగితే "పోయిన నెలే క్లీన్ చేయించాం, ఇప్పుడేం ప్రాబ్లమ్ లేదు" అన్నారు. పక్కింటావిడ మాత్రం "వానాకాలం కాస్త చూసుకోవాలమ్మా" అని నవ్వి ఊరుకుంది. మా వారేమో "పైపు మార్పిస్తే పోయేదానికి మంచి ఇల్లు వదులుకుంటామా" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి మళ్లీ మళ్లీ ఎందుకొస్తాయి? కొనకముందే తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, "పోయిన నెలే క్లీన్ చేయించాం" అన్న మాటను అమ్మేవాళ్లు భరోసాగా చెబుతారు. నేనైతే దాన్ని ఒప్పుకోలు కింద జమ కడతాను. డ్రైనేజీ సరిగ్గా ఉన్న ఇంట్లో చివరిసారి ఎప్పుడు క్లీన్ చేయించారో ఎవరికీ గుర్తుండదు. గుర్తుందంటే తరచుగా చేయిస్తున్నారన్నమాట. అందులోనూ క్లీన్ చేయించి నెలే అయితే, మీరు వెళ్లేసరికి నహానీ దగ్గర నీళ్లెందుకు నిలిచాయి?

నేనూ ఒకప్పుడు ఇదే మాట నమ్మాను. సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇల్లు కొన్న కొత్తలో, బంధువులు దిగిన రోజే వెనక ఛాంబర్ (మురుగు పైపు మధ్యలో మూతతో కట్టే చిన్న తొట్టి) పొంగి పెరడంతా పారింది. ప్లంబర్ వచ్చాడు. పొడుగాటి వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి పైపులోకి తోశాడు. అరగంట తోసేసరికి గడగడమని నీళ్లు లాగేశాయి, అందరం హమ్మయ్య అనుకున్నాం. సరిగ్గా నలభై రోజులకు మళ్లీ అదే కథ. అలా నాలుగుసార్లయ్యాక ఒక పెద్దవయసు మేస్త్రీ దొరికాడు. ఆయన బద్దలు తేలేదు. గోడలు లేపేటప్పుడు లెవెల్ చూసుకోవడానికి వాడే సన్నటి పారదర్శక గొట్టం, ఒక టేపు, అంతే. గొట్టంలో నీళ్లు నింపి ఒక కొస వెనక ఛాంబర్ దగ్గర, ఇంకో కొస మధ్య ఛాంబర్ దగ్గర, తర్వాత ముందు ఛాంబర్ దగ్గర పట్టించి కొలిచాడు. కొలిచి, చేతులు దులుపుకుని, "అడ్డం ఏమీ లేదు సార్. ఇక్కడ మీకొక చెరువుంది" అన్నాడు.

నిజంగానే చెరువు. మధ్య ఛాంబర్ అడుగు, వీధి వైపు ఛాంబర్ అడుగు కంటే రెండంగుళాలు లోతుగా ఉంది. నీళ్లు పల్లంలోకి దిగి మళ్లీ మెరక ఎక్కాలి. తవ్వి చూస్తే సంగతి తెలిసింది. అక్కడ ఎప్పటిదో సెప్టిక్ ట్యాంకు గొయ్యి ఉంది. పాత ఓనరు దాన్ని ఇటుక ముక్కలు, మట్టి పోసి పూడ్చేసి, సరిగ్గా దిమ్మిస చేయకుండానే దాని మీదుగా పైపు వేయించాడు. నాలుగు వానలకు మట్టి కుంగింది, దాంతోపాటే పైపూ కుంగింది. నీళ్లు ఎలాగోలా దాటిపోయేవి, బరువున్నది మాత్రం ఆ పల్లంలో కూర్చునేది. అది పేరుకోవడానికి నలభై రోజులు పట్టేది. వెదురు బద్ద దాన్ని ముందుకు నెట్టేది, పల్లం మాత్రం పల్లంగానే ఉండేది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పైపులో అడ్డం పడటం వేరు, ఒకేచోట మళ్లీ మళ్లీ అడ్డం పడటం వేరు. మొదటిది ఎవరింట్లోనైనా జరుగుతుంది. రెండోది పైపు వేసిన తీరులోనో, ఇల్లున్న చోటులోనో ఉన్న లోపం. మీరు తేల్చుకోవలసింది ఆ లోపం గేటుకి ఇవతలుందా, అవతలుందా అని. ఇవతలుంటే మీ వారు చెప్పినట్టు డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. అవతలుంటే ఇంట్లో ఎన్ని పైపులు మార్చినా వీధి మారదు.

దీనికి మొదట అడగాల్సిన ప్రశ్న "ఎందుకు పొంగుతుంది" కాదు, "ఎప్పుడు పొంగుతుంది" అని. వానా ఎండా తేడా లేకుండా నెలకో, నెలన్నరకో ఒకసారి పొంగితే దోషం మీ లైనులోనే ఉందని దాదాపుగా అనుకోవచ్చు: వాటం (పైపుకి ఇచ్చే వాలు) చాలకపోవడం, పైపు కుంగడం, పగలడం, చెట్ల వేళ్లు చొరబడటం. పండగకో శుభకార్యానికో నలుగురు ఎక్కువ చేరినప్పుడే పొంగితే ఇంటికి పైపు చాలడం లేదు. వానలప్పుడే పొంగితే రెండు దారులు. వీధిలో అందరికీ అదే బాధైతే వీధి లైను నిండిపోతోంది. మీరు చూసిన ఇంటికి మాత్రమే అయితే డాబా మీది వాన నీటి గొట్టాన్ని ఎవరో తెచ్చి డ్రైనేజీ ఛాంబర్లో కలిపేసి ఉంటారు. ఆ పని చేయకూడదు, కానీ మన ఊళ్లో చేయని ఇల్లు వెతుక్కోవాలి. గట్టి వాన పడితే డాబా మీది నీళ్లన్నీ నాలుగంగుళాల పైపులోకి ఒక్కసారే దూకుతాయి, ఇక మురుగు ఎటుపోతుంది?

పక్కింటావిడ వానాకాలం అంది. మీరు నీళ్లు చూసింది వాన పడిన రోజా, కాదా? ఉత్తరంలో రాయలేదు. వాన లేని రోజైతే మాత్రం ఆ ఇంటికి ఒకటి కాదు, రెండు జబ్బులున్నట్టు.

ఇప్పుడు వాటం సంగతి. నాలుగంగుళాల పైపుకి నలభై అడుగుల దూరానికి ఒక అడుగు పల్లం ఉండాలన్నది మేస్త్రీలు, ఇంజనీర్లు ఇద్దరూ ఒప్పుకునే లెక్క. ఆరంగుళాల పైపైతే అరవై అడుగులకు ఒక అడుగు. 200 గజాలంటే మామూలుగా 30 బై 60 స్థలం. వెనక బాత్రూమ్ నుంచి వీధిలో మ్యాన్‌హోల్ దాకా డెబ్బై అడుగులు వేసుకోండి. నాలుగంగుళాల పైపుకి మొదటికీ చివరికీ మధ్య అడుగూ ముప్పావు తేడా ఉండాలి. వెనక పైపు నేలకి ఒక అడుగు కింద మొదలైనా, మ్యాన్‌హోల్ చేరేసరికి ఇంటి నేల మట్టానికి దాదాపు మూడడుగుల లోతులో ఉండాలన్నమాట. వీధిలో మ్యాన్‌హోలే అంత లోతు లేకపోతే? అప్పుడు కట్టేవాడు వాటం తగ్గించేస్తాడు. చూడటానికి పైపు పడుకునే ఉంటుంది, పని మాత్రం చేయదు.

పాత కాలనీల్లో దీనికి తోడు ఇంకొకటుంది, దాని మీదే నాకు భయమెక్కువ. రోడ్డు. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోతారు. ముప్ఫై ఏళ్లలో రోడ్డు పైకి లేస్తుంది, ఇల్లు కింద మిగిలిపోతుంది. రోడ్డుతోపాటు మ్యాన్‌హోల్ మూతనూ ఎత్తి కూర్చోబెడతారు. ఇప్పుడు చూడండి: వీధి లైను నిండితే మ్యాన్‌హోల్లో నీళ్లు మూత దాకా లేస్తాయి. ఆ మూత మీ బాత్రూమ్ నేల కంటే ఎత్తులో ఉంటే, మురుగు రోడ్డు మీదికి రాకముందే మీ నహానీలోంచి పైకి వస్తుంది. నీళ్లకి మన తన భేదం లేదు, పల్లమే చూసుకుంటాయి. అందుకే ఇలాంటి ఇళ్లలో రోడ్డు పొడిగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం చీపురు పట్టుకుని నిలబడతారు. ఆ ఇంటి గేటు దాటి లోపలికి వెళ్లేటప్పుడు మీరు మెట్టు ఎక్కారా, దిగారా? ఒక్కసారి గుర్తు చేసుకోండి. దిగి ఉంటే మీ సందేహంలో సగం అక్కడే తీరిపోయినట్టు.

1994 నాటి ఇల్లంటున్నారు కాబట్టి పైపు ఏ రకమో కూడా చూడాలి. ఆ రోజుల్లో చాలామంది వేసింది స్టోన్‌వేర్ పైపులు. ఊరగాయ జాడీ లాగా గోధుమ రంగులో నున్నగా మెరుస్తాయి, చేసే పద్ధతి కూడా ఇంచుమించు అదే. పైపు మంచిదే, కుళ్లదు, తుప్పు పట్టదు. చిక్కంతా అతుకుల దగ్గర. రెండు మూడడుగుల ముక్కలుగా వస్తాయి కాబట్టి డెబ్బై అడుగుల లైన్లో పాతిక నుంచి ముప్ఫై అయిదు దాకా అతుకులు. ప్రతి అతుకూ సిమెంటుతో పూసిందే. నేల కాస్త కదిలితే చాలు, పూత విరుగుతుంది. నల్లరేగడి నేలైతే వానకి ఉబ్బి, ఎండకి బీటలిచ్చి ఏటా కదులుతూనే ఉంటుంది. ఆ సందులోంచి ఊరే తేమను వెతుక్కుంటూ చెట్ల వేళ్లు వస్తాయి. వచ్చేటప్పుడు వెంట్రుక మందం, లోపలికెళ్లాక పీచులా అల్లుకుంటాయి. గోడవారన రావి మొలిచినా, గేటు ముందు పెద్ద కానుగ ఉన్నా జాగ్రత్త. వేళ్లు కోయించినా సందు పూడ్చకపోతే మళ్లీ అక్కడికే వస్తాయి.

ప్లంబర్లు మాత్రం ఇవేవీ చెప్పరు. "ప్యాడ్లు వేస్తున్నారు, జుట్టు వేస్తున్నారు" అని ఇంట్లో ఆడవాళ్ల మీదికి తోసేస్తారు. అవి వేయకూడదు, నిజమే. తడి టిష్యూలు, వంటనూనె కూడా వద్దు. నూనె చల్లబడి పైపు గోడలకి పట్టి, అందులో అన్నం మెతుకులు అంటుకుని గడ్డకడుతుంది. కానీ వాటం సరిగ్గా ఉన్న లైనులో ఈ తప్పులు చేసినా ఏడాదికోసారి బెడద. వాటం లేని లైనులో నెలకోసారి. తేడా అక్కడుంది.

మిగతా కారణాలు చప్పున చెప్పేస్తాను. ఒక అంతస్తుకి వేసిన పైపు మీదే పైన ఇంకో అంతస్తు, దాని మీద ఒక పెంట్‌హౌస్ కట్టేయడం. మలుపు దగ్గర ఛాంబర్ కట్టకుండా నిలువునా తొంభై డిగ్రీల ఎల్బో పెట్టేయడం. ఉన్న ఛాంబర్ల మీద పార్కింగ్ టైల్స్ పరిచేయడం. గాలి గొట్టం లేకపోవడం, లేదా పక్షులు గూడు కట్టి అది మూసుకుపోవడం. పైన ఫ్లష్ చేస్తే కింద బుడబుడమని చప్పుడొస్తే మెయిన్ లైను మూసుకుంటోందని గానీ, గాలి ఆడటం లేదని గానీ అర్థం.

ఇంకొకటి, ఇది పైపు సంగతి కాదు, కాగితాల సంగతి. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లలో వెనక వాటా వాళ్ల మురుగు ముందు వాటాలోంచి పోతుంది. లేదా మీరు కొనే ఇంటి లైను పక్కవాళ్ల ప్రహరీ కిందుగా వెళ్లి వాళ్ల ఛాంబర్లో కలుస్తుంది. ఇది ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించదు, లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత రిజిస్ట్రేషన్ కాగితాల్లో, చాలావరకు ఉండదు. అన్నదమ్ములు మాట్లాడుకున్నంత కాలం నడిచిపోతుంది. బయటివాళ్లు కొన్న మర్నాడు "మా స్థలంలో తవ్వనివ్వం" అంటారు.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సింది. మళ్లీ ఒకసారి వెళ్లండి. ఈసారి మీ వారితోపాటు మీకు నమ్మకమున్న మేస్త్రీని తీసుకెళ్లండి, ఓనరు పిలిపించే ప్లంబర్ వద్దు. ముందు ఇంటి వెనక్కి వెళ్లి గోడవారన చూడండి. వెదురు బద్దలో, చుట్టచుట్టిన స్ప్రింగో ఆనించి ఉంటే ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. సొంతంగా పనిముట్లు కొనిపెట్టుకున్నారంటే ఆ ఇంట్లో అది నిత్యకృత్యం. గోడల కింది భాగంలో పెయింటు పొక్కులు, ఒకచోట మాత్రమే కొత్త టైల్స్, వెళ్లిన ప్రతిసారీ గుప్పుమనే ఫినాయిల్ వాసన కూడా చూసుకోండి.

తర్వాత ఛాంబర్ల మూతలన్నీ ఎత్తించండి. కొన్నింటి మీద పూలకుండీలు పెట్టి ఉంటాయి, జరిపించండి. సిమెంటు పూసేసి ఉంటే పగలగొట్టించి మళ్లీ పూయించే ఖర్చు మీరే పెట్టుకోండి. మూత ఎత్తనివ్వని ఓనరుతో బేరం అనవసరం. లోపల నీళ్లు ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం కాదు, అది పోయిన నెలే క్లీన్ చేయించారు కదా. గోడల మీద మరక చూడండి. స్నానాలగదిలో బకెట్‌కి నీటి గార పట్టినట్టు, మురుగు ఎంతవరకు లేచి నిలుస్తోందో ఛాంబర్ గోడ మీద నల్లటి గీత చెబుతుంది. గీత అడుగునే ఉంటే సంతోషం. మూత దాకా ఉంటే అక్కడ మురుగు నిలవడం ఒకసారి జరిగింది కాదు.

ఆ తర్వాత గొట్టంతో లెవెల్ పట్టించండి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టానికి నిలుస్తాయి కాబట్టి, ఆ మట్టం నుంచి ఒక్కో ఛాంబర్ అడుగు ఎంత లోతుందో టేపుతో కొలిస్తే చాలు. వెనక నుంచి వీధి వైపు వచ్చేకొద్దీ లోతు పెరుగుతూ పోవాలి. అదే మట్టంతో మ్యాన్‌హోల్ మూతనీ, కింది బాత్రూమ్ నేలనీ పోల్చండి. ఏది ఎత్తో కాగితం మీద రాసుకోండి. గంట పని, ఖర్చు మేస్త్రీ కూలి.

అది అయ్యాక నీళ్ల పరీక్ష. పైనా కిందా ఉన్న బకెట్లు, టబ్బులు అన్నీ నింపి ఒకేసారి గుమ్మరించండి, అదే సమయంలో ఫ్లష్‌లు నొక్కండి, కుళాయిలు పది నిమిషాలు తిప్పి ఉంచండి. ఒకరు ఛాంబర్ల దగ్గర నిలబడి నీళ్లు లేస్తున్నాయా, జారిపోతున్నాయా చూడాలి. వెనక బాత్రూమ్‌లో బట్టల నీలం కలిపిన బకెట్ పోసి, ఆ నీలం ఏ ఛాంబర్లో తేలుతుందో, ఎంతసేపటికి మ్యాన్‌హోల్ చేరుతుందో చూడండి. పక్కింటి ఛాంబర్లో తేలిందా, లైను ఎవరి స్థలంలోంచి పోతోందో తెలిసిపోయినట్టే. అసలెక్కడా తేలకపోతే మధ్యలో పైపు విరిగి నేలలోకి ఇంకుతోందని అనుమానించాలి. అప్పుడు వెంటనే సంపు ఎంత దూరంలో ఉందో చూడండి. మన ఇళ్లలో సంపు, డ్రైనేజీ ఛాంబర్ పక్కపక్కనే ఉంటాయి, దాన్ని మించిన ప్రమాదం ఇంకోటి లేదు.

ఇంకా సందేహముంటే పైపులోకి కెమెరా పంపి చూసేవాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు. వెనక ఛాంబర్ నుంచి మ్యాన్‌హోల్ దాకా మొత్తం వీడియో అడిగి తీసుకోండి. కుంగిన చోట కెమెరా నీళ్లలో మునుగుతుంది, వేళ్లు వేళ్లలాగే కనిపిస్తాయి. ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. చూడటానికైనా, తీయడానికైనా మ్యాన్‌హోల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపనివ్వకండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది, పైగా అందులో ఉండే విషవాయువు ఒక్క గుక్కకే ప్రాణం తీయగలదు.

వీధి సంగతి తేల్చడానికి ఓనరు పనికిరాడు. జలమండలి (నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు) నీటి బిల్లు అడగండి, అందులో సీవరేజ్ సెస్ పడుతోందో లేదో చూడండి. పడకపోతే కనెక్షన్ లెక్కల్లో లేదేమో ఆరా తీయాలి. ఆ ఏరియా సెక్షన్ ఆఫీసులో, ఆ గల్లీ లైను చూసే సిబ్బందిని "ఇక్కడికి ఎయిర్‌టెక్ మిషన్ (మురుగు లైను శుభ్రం చేసే బండి) ఎన్నాళ్లకోసారి వస్తుంది" అని అడగండి. వాళ్లకి ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుందో నోటికొచ్చు. గల్లీ చివర టీ బండి ఉంటే అక్కడా అడగండి. 2020 అక్టోబరు వానలప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పమంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మ్యాన్‌హోల్ దాకా లైను ఇంటివాళ్ల బాధ్యత, అక్కడి నుంచి జలమండలిది. కొన్నాక ఫిర్యాదు చేయాలంటే 155313 ఉండనే ఉంది, కానీ ఫిర్యాదుతో తీరేది అడ్డమే. రోడ్డు ఎత్తు తీరదు.

మీ వారికి నా జవాబు ఇది. లోపం మీ గేటు లోపలిదే అయితే ఆయన మాటే సరైనది: పాత లైను తీసేసి, మలుపు మలుపుకీ ఛాంబర్ కట్టించి, మట్టి గట్టిగా దిమ్మిస చేయించి ఆరంగుళాల పీవీసీ వేయిస్తే ఆ ఇంట్లో హాయిగా ఉండొచ్చు. ఆ పని అంచనా రాయించి ధరలో తగ్గించుకోండి. ఓనరే చేయిస్తానంటే అగ్రిమెంట్‌లో రాయించండి. పైపు వేశాక, మట్టి కప్పకముందు మీ మేస్త్రీ లెవెల్ చూడాలని, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ అని స్పష్టంగా ఉండాలి. నోటిమాట మీద వదిలేస్తే మళ్లీ "పోయిన నెలే క్లీన్ చేయించాం" దగ్గరికే వస్తారు.

మ్యాన్‌హోల్ మూత బాత్రూమ్ నేల కంటే ఎత్తులో ఉండి, వీధి లైను వానకి నిండుతోందని తేలితే మాత్రం నేనైతే వదిలేస్తాను. నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించొచ్చు, వీధి మురుగు లోపలికి రాకుండా ఆపుతుంది. కానీ అది మూసుకుని ఉన్నంతసేపూ మీ ఇంటి నీళ్లూ బయటికి పోవు. వాన వెలిసేదాకా కుళాయి తిప్పకుండా కూర్చోవాలి. పైగా దానిలో చెత్త ఇరుక్కోకుండా తరచూ శుభ్రం చేయించాలి. దీనికి అసలు మందు ఇంటి నేలను ఎత్తడం. అంటే కింది పోర్షన్ మొత్తం తలుపుల దగ్గర్నుంచి మళ్లీ చేయించుకోవడమే. ఆ ఖర్చు కలుపుకున్నాక కూడా ధర మీకు గిట్టుబాటు అనిపిస్తే అది మీ ఇష్టం.

కోస్తా నుంచి ఇదే ప్రశ్న రాసేవాళ్లకి ఒక ముక్క. భూగర్భ డ్రైనేజీ లేని చోట సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంతే దిక్కు. అక్కడ వానాకాలం భూగర్భ జలం పైకొస్తే గుంత నీళ్లు పీల్చుకోదు, పైపు బాగున్నా ఫ్లష్ దిగదు. ఆ ఇళ్లు చూడాల్సింది వేసవిలో కాదు.

ఆ మాటకొస్తే మీరూ అంతే. అగ్రిమెంట్‌కి తొందరపెడితే పది రోజులు ఆగమనండి. ఈలోగా గట్టి వాన పడితే, పడుతుండగానే ఆటో ఎక్కి వెళ్లండి. ఓనరుకి ముందుగా ఫోన్ చేయకండి. కావాలంటే పక్కింటావిడకి చేయండి, ఆమె ఈసారి నవ్వి ఊరుకోకుండా ఇంకాస్త చెబుతుందేమో.